బావినీళ్లు తాగిన మనకేమీ కాలేదట

సంక్రాంతి దగ్గర పడుతోందంటే మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తప్పకుండా ప్రత్యక్షమవుతుంది. మీకూ వచ్చే ఉంటుంది. 1960కీ 1980కీ మధ్య పుట్టిన మనమెంత అదృష్టవంతులమో చెప్పే చిట్టా అది. చెప్పుల్లేకుండా తిరిగాం, చెట్లెక్కి పడ్డాం, బెత్తం దెబ్బలు తిన్నాం, ఒకే కంచంలో నలుగురం తిన్నాం, బావినీళ్లు తాగాం, అయినా మనకేమీ కాలేదు. ఇప్పటి పిల్లలకి అన్నీ ఉన్నాయి, సుఖం లేదు. చివర్న దండం పెట్టే చేతుల బొమ్మలు ఓ అరడజను.

మామూలుగా చూసి వదిలేసేవాణ్ణే. ఈసారి పంపినవాడిది కనిగిరి పక్క ఊరు కావడంతో మనసొప్పలేదు. కృష్ణా డెల్టావాడెవరైనా బావినీళ్లు తాగినా ఏమీ కాలేదంటే సరేలే అనుకుంటాం. కనిగిరి, పొదిలి, దర్శి వైపు పుట్టినవాడు ఆ మాట ఎట్లా అంటాడు? తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లనీ ఎముకల్నీ పాడుచేసే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని మొట్టమొదట గుర్తించింది మా వైపే, 1937లో. అప్పటికి ఈ ప్రాంతమంతా నెల్లూరు జిల్లా కింద ఉండేది. డాక్టర్ల కన్నా ముందు పసిగట్టింది రైతులు. ఎద్దులకి కీళ్లు బిగుసుకుపోయి అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నాయని వాళ్లు చూశారు. మనుషుల సంగతి ఆ తర్వాత తేలింది.

మా చిన్నప్పుడు ఊళ్లో దాదాపు అందరివీ గారపళ్లే. పళ్లంటే అట్లాగే గోధుమరంగు చారలతో ఉంటాయనుకునేవాళ్లం. కాలేజీకని గుంటూరు పోయాకగానీ తెలిసిరాలేదు. యాభై దాటినా మావాళ్లలో చాలామందికి ఫొటో అనగానే పెదాలు బిగించి నవ్వే అలవాటు పోలేదు. ఫార్వర్డ్ పంపిన మా మిత్రుడి డీపీ కూడా అట్లాంటి నవ్వే.

"ఏమీ కాలేదు" అనే మాట మీద నాకున్న మొదటి అభ్యంతరం ఇదే. అయ్యింది, కాకపోతే అలవాటు పడిపోయాం. రెండో అభ్యంతరం ఇంకొంచెం పెద్దది. నిజంగా ఏదైనా అయినవాళ్లు ఈ గ్రూపులో లేరు.

1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 129 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. దాదాపు ఎనిమిదిమందిలో ఒకరు. మా జేజిని ఎంతమంది పిల్లలని అడిగితే ముందు కాన్పుల లెక్క చెప్పేది, తర్వాత దక్కినవాళ్ల లెక్క చెప్పేది. రెంటికీ మధ్య తేడా గురించి మాట్లాడేది కాదు. పుట్టినవాళ్లు పుట్టినట్టు పోతుంటే తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి, మళ్లీ ఎత్తుకుని పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెట్టేవాళ్లు. పనికిరాని బిడ్డనుకుని మృత్యువు వదిలేస్తుందని ఆశ. ఆ తరంలో ఇట్లాంటి పేర్లున్న పెద్దలు ఎంతమంది ఉండేవాళ్లో ఒకసారి గుర్తు చేసుకోండి.

దిగుడు బావి ఫొటోలకి ఇప్పుడు భలే గిరాకీ. రాతిమెట్లు, పాచి, పావురాలు, కింద పచ్చటి నీళ్లు. ఆ మెట్లు దిగి నీళ్లలో కాళ్లుపెట్టి ముంచుకోవడం వల్లే నారికురుపు ఊరంతా పాకేది. కాలిమీద పొక్కు చితికి అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు బయటికి వస్తే, దాన్ని పుల్లకి చుట్టి రోజుకింత చొప్పున లాగేవాళ్లు. మధ్యలో తెగిందంటే కాలు వాచి నెలల తరబడి మంచం. చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో బయటపడింది. 2000లో మన దేశానికి ఆ పీడ విరగడైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అది మనవాళ్ల ఒంట్లో పెరిగిన నిరోధక శక్తి వల్ల పోలేదు. దిగుడు బావుల్ని పూడ్చో, చేదబావులుగా మార్చో, బోర్లు వేసో, నీళ్లు గుడ్డతో వడకట్టుకోమని ఇల్లిల్లూ తిరిగి చెప్పో పోగొట్టారు.

సమ్మేళనానికి రానివాళ్లు

మొన్నామధ్య మా బ్యాచ్ పూర్వ విద్యార్థుల సమ్మేళనం పెట్టుకున్నాం. హైస్కూలు ఆవరణలోనే. అమెరికా నుంచి ఇద్దరు, బెంగళూరు నుంచి కొందరు, హైదరాబాద్ నుంచి నాలాంటివాళ్లు. శాలువాలు, జ్ఞాపికలు, భోజనాల్లో సజ్జ సంగటి ప్రత్యేకం. ఒక పక్క మాట చెప్పాలి. మా ఇళ్లల్లో సజ్జ సంగటీ, వరిగలనే చిరుధాన్యంతో వండిన వరిగన్నమూ రోజువారీ తిండి. వరన్నం పండక్కో, జ్వరం వచ్చి తగ్గాక పథ్యానికో. పొరుగూరి నుంచి చుట్టం వస్తే సంగటి ముద్ద కనపడకుండా తట్ట బోర్లించిన ఆడవాళ్లు నాకు తెలుసు. ఆ రోజు దాన్ని విస్తరి మధ్యలో పెట్టి, పక్కన నిలబడి సెల్ఫీలు దిగాం.

వేదిక మీద ఒకాయన మా లెక్కల మాస్టారి గురించి మాట్లాడాడు. గోడకుర్చీ, కోదండం, చింతబరికె, ఏదీ వదల్లేదు. "ఆయన దెబ్బలే మమ్మల్ని మనుషుల్ని చేశాయి" అన్నాడు. చప్పట్లు. నేనూ కొట్టాను, ఎందుకంటే ఆ మాస్టారు నిజంగానే లెక్కలు బాగా చెప్పాడు.

షామియానా తాళ్లు సరిచేస్తున్న మనిషి ఒకతను నా పక్కనే నిలబడి ఉన్నాడు. మాటల్లో తేలింది, అతనూ మా బ్యాచే. ఆరూ ఏడూ మాతోనే చదివాడు. ఎందుకు మానేశావని అడిగితే నవ్వాడు. "ఇందాక ఆ సార్ చెప్పలే? ఆ దెబ్బలకే సార్. ఏడో తరగతి పరీక్ష తప్పా, ఇంక మళ్లీ ఈ గేటు తొక్కితే ఒట్టు." నవ్వుతూనే చెప్పాడు, కసిగా కాదు. కాసేపాగి, ఆ మాస్టారు బాగున్నాడా అని అడిగాడు కూడా.

దెబ్బలు మనుషుల్ని చేస్తాయో లేదో చూడాలంటే దెబ్బలు తిన్న అందర్నీ లెక్కలోకి తీసుకోవాలి గదా. మేము తీసుకున్నది పదో తరగతి పాసైన వాళ్లని. ఆరో తరగతిలో చేరి ఎనిమిదికి రాకుండా పోయినవాళ్లకి సమ్మేళనాలు ఎవరూ పెట్టరు. పెడితే వాళ్లు చెప్పే చిన్నప్పటి ముచ్చట్లు వేరేగా ఉంటాయేమో, ఉండవేమో కూడా. ఆ సంగతి కనుక్కోకుండానే తీర్పు ఇచ్చేశాం.

ఆడపిల్లల సంగతి ఇంకా తేలిక, వాళ్లు చాలామంది హైస్కూలు దాకా రానేలేదు. 1971 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులైన ఆడవాళ్లు దాదాపు 16 శాతం. మా బ్యాచ్ గ్రూప్ ఫొటోలో చీరలెన్ని ఉన్నాయో చూస్తే ఆ తర్వాత పదిహేనేళ్లకి పరిస్థితి ఎంత మారిందో అర్థమవుతుంది.

కష్టం చేసిందా, ఆసరా చేసిందా

ఇక అసలు చెప్పాలనుకున్నది. మా చిన్నాయన ఉన్నాడు. కష్టం అంటే ఆయన దగ్గరే నేర్చుకోవాలి, అంత కష్టపడ్డాడు. ఇప్పుడు ఒంగోలులో సొంతిల్లు, పెన్షను. బడుల్లో మధ్యాహ్న భోజనం ప్రస్తావన వస్తే చాలు, ఆయనకి మండుతుంది. "మేం పస్తులుండి చదివాం రా. ఆకలి తెలిస్తేనే చదువు వంటబడుతుంది. అన్నం పెట్టి, గుడ్డు పెట్టి, పుస్తకాలు, బూట్లు ఇచ్చి సోమరుల్ని చేస్తున్నారు."

ఈయనకి నేను చాలాసార్లు అడ్డుపడ్డాను. ఆయన ప్రాథమిక పాఠశాలలో చదివే రోజుల్లో అమెరికా నుంచి వచ్చిన గోధుమరవ్వ ఉప్మా, పాలపొడి పాలూ పెట్టేవాళ్లు. ఆ ఉప్మా వాసన గురించి ఆయనే గంటసేపు వర్ణిస్తాడు. బాదం ఆకులో పెట్టించుకుని, సగం తిని, సగం చొక్కా కింద దాచి చెల్లెలికి తెచ్చిన కథ చెబుతూ కళ్లు తుడుచుకుంటాడు. అదే నోటితో ఆకలే చదివించిందంటాడు. "చిన్నాయనా, ఆ ఉప్మా లేని రోజు బడికి పోయేవాడివా?" అని అడిగితే ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అదీ ఇదీ ఒకటేనా" అన్నాడు.

నా కథా అంతే. తాలూకా కేంద్రంలో సంక్షేమ హాస్టల్లో ఉండి చదివాను. నీళ్ల సాంబారు, అన్నంలో పురుగులు, ఒకే గదిలో ముప్పైమంది, గజ్జి. ఇవన్నీ ఇప్పుడు రసవత్తరంగా చెప్పగలను, చెబుతుంటాను కూడా. వింటున్నవాళ్లు "అంత కష్టపడ్డారు కాబట్టే ఇంత పైకొచ్చారు" అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ నన్ను పైకి తెచ్చింది అన్నంలో పురుగు కాదు, అన్నం. ఆ హాస్టల్ సీటు రాకపోతే నేను పొగాకు బ్యారన్ దగ్గర, అంటే పచ్చాకును వేడిపెట్టి ఆరబెట్టే కొట్టం దగ్గర, ఉండేవాణ్ణి. అక్కడ నా కన్నా తెలివైనవాళ్లు ఉన్నారు, నా కన్నా ఎక్కువ కష్టం పడ్డవాళ్లూ ఉన్నారు. కష్టమే మనిషిని చేసేదైతే వాళ్లంతా నా కన్నా పైన ఉండాలి.

1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మా ఇంట్లో జరిగింది నాకు బాగా గుర్తు. అమ్మ రేషన్ సంచి దించి, చాటలో బియ్యం పోసి, వాటిని వెంటనే వండకుండా కాసేపు చేత్తో కదుపుతూ కూర్చుంది. ఆ ఏడాది నాయన మోతుబరి దగ్గర గింజల అప్పు చెయ్యలేదు. అప్పు లేదు గనక పిల్లల్లో ఒకణ్ణి ఆయన గొడ్ల కాడికి జీతానికి పంపే మాట రాలేదు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. మా ఊరికి దాని ఫలితం అందింది మాత్రం బియ్యం రూపంలోనే అని నేననుకుంటాను. ఈ మాట మీద మీరు వాదించవచ్చు.

చిన్న చిన్న ఆసరాలు. 1971లో నల్గొండ వైపు సర్వేల్‌లో మొదలైన గురుకుల బడి, ఊరికి రోజుకొకసారి వచ్చే ఆర్టీసీ బస్సు, ఫీజు తన జేబులోంచి కట్టిన ఒక టీచరు, పుస్తకాలిచ్చిన పై తరగతి అన్న. పైకొచ్చిన ప్రతి ఒక్కరి కథలోనూ ఇట్లాంటివి రెండుమూడు ఉంటాయి. కథ చెప్పేటప్పుడు మాత్రం వాటిని పక్కపాత్రలు చేసి, ఆకలికి హీరో వేషం ఇస్తాం. ఎందుకంటే ఆకలి నాది, దాన్ని గెలిచినట్టు చెప్పుకోవచ్చు. బియ్యం సర్కారుది, దాంట్లో నా గొప్పేముంది?

పాతరోజుల్ని తలుచుకోవడంలో నాకేం పేచీ లేదు. ఆ తలపును కర్రలాగా పట్టుకుని ఇప్పటి పేదపిల్లల మీదికి పోవడంతోనే నా పేచీ. పది కిలోమీటర్లు నడిచి చదివామని చెప్పేవాడు, ఆడపిల్లలకి సైకిళ్లిస్తే మొహం చిట్లిస్తాడు. తన పిల్లవాణ్ణి మాత్రం ఏసీ బస్సున్న స్కూల్లో వేస్తాడు. పదికిలోమీటర్ల నడక అంత గొప్ప గురువైతే సొంత కొడుక్కి ఎందుకు నేర్పించడు?

అక్క ఏమందంటే

ఇదంతా రాసుకుని మా అక్కకి ఫోన్‌లో చదివి వినిపించాను. అక్క ఐదో తరగతితో మానేసింది. సంక్రాంతి దాటి పొగాకు కోతకొచ్చాక బ్యారన్ దగ్గర పచ్చాకును కర్రలకు కట్టే పని. ఆకు జిగురు చేతులకి పట్టి నల్లగా తారులా అయ్యేది. బూడిదేసి తోమినా, ఇసకేసి రుద్దినా పోయేది కాదు. ఆ చేత్తో ముద్ద నోట్లో పెట్టుకుంటే చేదు. ఆ సీజనంతా అమ్మ ఆమెకి ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. నేను చాలా రోజులు దాన్ని అమ్మ గారాబం అనుకున్నాను.

ఆమె కథ నా వాదానికి బలమని నా ధీమా. అక్క అంతా విని, "బాగానే రాశావు గానీ, నన్ను చూసి జాలిపడమాకు" అంది.

"జాలి కాదక్కా..."

"జాలే. నీకేం తెలుసురా, హాస్టల్లో పుస్తకం మొహానేసుకుని కూర్చున్నావు. రాత్రిళ్లు పెట్రోమాక్స్ లైటు పెట్టుకుని పదిమంది ఆడోళ్లం ఆకు కట్టేవాళ్లం. ఒకామె కథ చెబితే తెల్లార్లూ చెప్పేది. అక్కడ నవ్వినంత నవ్వు నేను మళ్లీ నవ్వలా. ఇంట్లో నాయన ముందు నోరెత్తనిచ్చేవాళ్లా?"

దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. నేను వెంటనే అనుకున్నది ఏమిటంటే, అక్కకి నచ్చింది పొగాకు కాదు, ఆ రాత్రుల స్వేచ్ఛ, ఆ తోడు అని. పని తీసేసినా ఆ తోడు ఉండేలా చూడొచ్చు గదా అని. అది నిజమే. కానీ ఆమె సంతోషాన్ని నేను విడదీసి, ఈ ముక్క మంచిది, ఈ ముక్క చెడ్డది అని వేరు చెయ్యడం, చిన్నాయన తన ఆకలికి కిరీటం పెట్టడం కన్నా మెరుగైన పనా? ఆమె జ్ఞాపకంలో నవ్వూ చేదూ ఒకే చేతికి అంటుకుని ఉన్నాయి. చదువుకున్న తమ్ముడు వచ్చి నీ నవ్వుకి అసలు కారణం ఇది అని చెప్పడంలో కొంచెం పొగరుంది.

అందుకని ఒకటే అడిగాను. "మరి నీ కూతుర్ని ఎందుకు పంపలేదు?" అక్క కూతురు నర్సింగ్ చదివింది. అక్క కస్సుమంది. "దాన్నెందుకు పంపుతా? నేను నవ్వానని అదీ అక్కడికి పోయే నవ్వాలా?"

ఊరంతా ఒక కుటుంబమా

ఫార్వర్డ్‌లో ఇంకో వాక్యం ఉంది. "అప్పుడు ఊరంతా ఒకే కుటుంబం." దీన్ని ఊరివైపు ఇళ్లవాళ్లే రాస్తారు. మా ఊళ్లో మంచినీళ్ల బావి దగ్గర చేద మావైపువాళ్ల చేతుల్లో ఉండేది. పల్లెలోవాళ్లు, అంటే దళితవాడవాళ్లు, బిందెలు కింద పెట్టి దూరంగా నిలబడేవాళ్లు, ఎవరో ఒకరు తోడి పైనుంచి పోసేదాకా. ఎండలో గంట నిలబడ్డా ఎవరికీ తీరకపోతే అంతే. నేను పిల్లాణ్ణి, నాకూ చేద ముట్టే హక్కు ఉంది, మా అమ్మ వయసున్న ఆమెకి లేదు. అప్పటి మా ప్రకాశం జిల్లాలోనే, కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు దళితుల్ని చంపారు. ఆ గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర. అప్పటికి మేము తొమ్మిదో పదో. గ్రూపులో అందరికీ గుర్తుండాలి. కుటుంబం అన్నప్పుడు ఎవరికీ గుర్తుకు రాదు.

పోయినదేమీ లేదా?

ఉంది. ఇంత చెప్పాక కూడా ఫార్వర్డ్ పంపినవాడి బాధ ఉత్తదని నేననను. మధ్యాహ్నం బడి వదిలాక చీకటి పడేదాకా పెద్దవాళ్లెవరికీ కనపడకుండా తిరిగిన గంటలున్నాయి చూడండి, అవి నిజంగా పోయాయి. ఈత నేర్పింది ఎవరో గుర్తులేదు. తాటిముంజలు తిని, వాటి బుర్రలతో బండి చేసుకుని తోలుకున్నాం. గోలీలాటలో ఓడి, కొట్టుకుని, మళ్లీ మేమే రాజీపడ్డాం, మధ్యవర్తి లేకుండా.

మా ఆఫీసులో ఒకాయన ఈ బాల్యం గురించి కన్నీళ్లు పెట్టుకునేలా మాట్లాడతాడు. ఆయన కొడుకు ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నాడు. తెల్లవారుజామునే లేచి స్టడీ అవర్, రాత్రి పదిన్నరకి స్టడీ అవర్, ఆదివారం టెస్టు, వారానికి ఒక్క ఫోను. కిటికీకి గ్రిల్లు. దానికి ఏడాదికి లక్షల్లో ఫీజు. ఆ టెన్షన్‌కి పిల్లలు ఏమైపోతున్నారో ప్రతి ఏటా ఫలితాల సీజన్లో పేపర్లో చదువుతున్నాం. ఆ పిల్లవాడికి కోతికొమ్మచ్చి ఆడే సాయంత్రం దక్కకుండా చేసింది సెల్‌ఫోనూ కాదు, సుఖమూ కాదు. ఆ సాయంత్రాన్ని తలుచుకుని ఏడ్చే తండ్రే సంతకం పెట్టి కట్టబెట్టాడు. అడిగితే, "మనలాగా కష్టపడకూడదనే గదా" అంటాడు. మళ్లీ, కష్టమే మనల్ని చేసిందనీ అంటాడు. రెండు మాటలూ ఒకే టీ తాగుతూ.

తిరిగి తెచ్చుకోగలిగింది ఏదైనా ఉంటే అది ఆ ఖాళీ గంటలే. దానికి సంగటి అక్కర్లేదు, బెత్తం అక్కర్లేదు, నారికురుపు అసలే అక్కర్లేదు. ఆట స్థలం కావాలి, పిల్లల్ని వాళ్ల మానాన వదిలే ధైర్యం కావాలి. నగరాల్లో రెండోది మొదటిదాని కన్నా కరువు.

వచ్చే సమ్మేళనం గురించి గ్రూపులో అప్పుడే చర్చ మొదలైంది. పదో తరగతి పాసైనవాళ్లనే కాకుండా, ఆ ఏడాది ఆరో తరగతిలో చేరిన అందర్నీ పిలుద్దామని నేను రాశాను. అడ్మిషన్ రిజిస్టర్ బడిలో భద్రంగా ఉందని ఇప్పటి హెడ్మాస్టారు చెప్పాడు. పేర్లు తీస్తానని ఒకడు ముందుకొచ్చాడు. ఇద్దరు బొటనవేలు గుర్తు పెట్టారు. ఒకడు మాత్రం, "వాళ్లొచ్చి మనతో ఏం మాట్లాడతార్రా, ఇబ్బంది పడతారు" అన్నాడు. ఇబ్బంది వాళ్లకా మనకా అని అడిగాను. ఇంకా జవాబు రాలేదు.